చలిలో కొట్టి చూసిన ముక్క

ఓపెన్‌కాస్టు గని అడుగున నీళ్లు తోడే పంపు కింద ఎపాక్సీ అనే జిగురు పోసి బిగించడం మా వర్క్‌షాపు పని. అది గట్టిపడితే ఉలి కూడా దిగదు. కానీ గనిలో పేల్చే బ్లాస్టింగు అదురుకు పగిలేది. రెండుసార్లు పోశాను, రెండుసార్లూ చిట్లింది. ఆ పంపు ఆపరేటరు మా బావ, అక్క మొగుడు. పంపు ఆగితే మోకాలి లోతు బురదలోకి దిగేది అతనే.

మూడోసారి స్టోరులో బిరుసు తగ్గించే మందు ఇచ్చారు. ఎపాక్సీలో కలిపితే అది కాస్త సాగుతుంది, పగలదు. వందకు పది పాళ్లు కలపమని డబ్బా మీద రాసుంది. డబ్బా మాట నేనెప్పుడు విన్నాను గనక? మూడు చాయ్ గ్లాసుల్లో మూడు ముక్కలు పోసి, మర్నాడు పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే సుత్తితో కొట్టాను. మందు లేనిది పెంకులైంది. పది పాళ్లది అంచు చిట్లింది. ఇరవై పాళ్లదానికి గీత కూడా పడలేదు.

"గదే పొయ్ బామ్మర్దీ. పగిలితే నీదేం పోతది, బురదల సచ్చేది నేను గద" అన్నాడు బావ.

ఇరవై పోశాను. ఎన్ని బ్లాస్టింగులు జరిగినా పగలలేదు. క్యాంటీన్లో కాలరెగరేసి తిరిగాను.

ఉగాది దాటింది. గోదావరిఖని ఎండ సంగతి చెప్పాలా? ఒక మధ్యాహ్నం పంపు దగ్గరికి వెళ్లి ఊరికే ఆ ఎపాక్సీని గోటితో నొక్కాను. గాటు పడింది. మందు పగుళ్లను ఆపుతుంది గానీ గట్టిదనాన్ని తగ్గిస్తుంది. ఎక్కువైతే వేడికి మెత్తబడుతుంది. బరువుకు అది అణిగి పంపు ఒరిగితే, తిరిగే షాఫ్టు తెగి పక్కనున్న మనిషికి తగులుతుంది.

చెప్పాలి. చెప్పలేదు. అంత డప్పు కొట్టుకున్నాక ఏ ముఖం పెట్టుకుని చెప్పను? వారానికి రెండుసార్లు పోయి పంపు బోల్టులు బిగించి వచ్చేవాణ్ని. అవి మళ్లీ వదులయ్యేవి. అక్క ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ని కాదు.

చివరికి ఒకరోజు పంపు వణుకు చూడలేక నేనే స్విచ్చి ఆపాను. ఇంజనీరు వచ్చాడు.

"మందు నేనే ఎక్కువ పోసిన సార్" అన్నాను.

ఆయన కేకలేశాడు, అదే నయం. పంపు పక్కన కూర్చున్న బావ నిదానంగా అడిగాడు.

"నీకెప్పుడు ఎరుకైంది?"

"నెలన్నరాయె."

అతను నా వైపు చూడకుండా టిఫిన్ గిన్నె తీసుకుని లేచాడు.

"నెలన్నర సంది దాని పక్కనే కూసోని బువ్వ తింటున్న. నువ్వు వచ్చినవు, బోల్టులు బిగిచ్చినవు, పోయినవు."