డ్రిల్లు పీరియడ్‌లో ఉరికిన సుంకమ్మ

డాక్టరు నడవమన్నాడని ఈ ఉదయం కళ్యాణదుర్గం దారిలోని మా ఊరి హైస్కూలు మైదానానికి వెళితే, ఆడపిల్లలు రొప్పుతూ, నవ్వుతూ రౌండ్లు కొడుతున్నారు.

నాతో చదివిన ఆడపిల్లల్లారా, గుర్తుందా? ఎనభైలలో, ఆ కరువేళ్లలో, డ్రిల్లు పీరియడ్ వస్తే మగపిల్లలు పరుగెత్తేవారు. మనం బోరింగు నుంచి అయ్యవార్ల ఇళ్లకు నీళ్లు మోసేవాళ్లం.

ఒకరోజు సుంకమ్మ బిందె దించి, "నేనూ ఉరుకుతా సార్" అంది.

"ఉరికి యాడికి పోతావే? నీళ్లు తేపో" అన్నాడు డ్రిల్లు సారు.

సుంకమ్మ వినలేదు. లంగా ఎగదోపి మగపిల్లలతో ఉరికి, నాలుగు రౌండ్లూ అందరికంటే ముందు ముగించింది. సారు మెచ్చుకోలేదు. వాళ్ల నాయనను పిలిపించి, "ఏమప్పా, నీ కూతురికి సిగ్గూ శరం ఉండాదా?" అని అడిగాడు. ఆయన మరునాటి నుంచే బడి మానిపించి, సుంకమ్మను గొర్రెల వెంట పంపాడు.

వాళ్లిల్లు బడి వెనక వీధిలోనే. మనలో ఒక్కరమూ వెళ్లి పిలవలేదు.