నలగని పుస్తకాలు

ఆ వాడలోని పిల్లలెవరికీ ఆమె అసలు పేరు తెలియదు. అందరికీ ఆమె చేతుల మేడమే. సామాజిక గ్రంథాలయంలో పిల్లల గది గుమ్మం దాటాలంటే ముందు రెండు అరచేతులూ ఆమె ఎదుట చాచాలి, తరవాత తిప్పి గోళ్లు చూపించాలి. తడిగా ఉంటే తువ్వాలు, జిడ్డుగా ఉంటే సబ్బు, సిరా అంటి ఉంటే మూలనున్న కుళాయి దాకా ప్రయాణం. ఈ తతంగంలో ఆమె ఎవరినీ కసిరేది కాదు. ఎవరినీ మినహాయించేదీ కాదు. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి చేత కూడా చేతులు కడిగించిందని గ్రంథాలయం వ్యాను డ్రైవరు కనబడినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆమె తండ్రి పుస్తకాలు కుట్టే పనివాడు. సూదీ దారమూ మైదా జిగురూ ఉన్న ఇంట్లో పెరిగి, పెద్దయ్యాక రసాయనశాస్త్రం చదివింది. కాగితం ఎందుకు పచ్చబడుతుందో, జిగురు ఎందుకు పెళుసుబారుతుందో, వేలి చెమటలోని ఉప్పు ఏళ్ల తరబడి కాగితాన్ని ఎలా తినేస్తుందో ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. ఇతరులకు ఒట్టి మరకగా కనిపించేది ఆమెకు అప్పుడే మొదలైన ఒక రసాయన చర్యగా కనిపించేది.

గ్రంథాలయం లేని బడులకు పుస్తకాల పెట్టెలు పంపాలన్న ఆలోచన ఆమెదే. ఒక్కో బడికి ఒక్కో రేకు పెట్టె, నిండా బొమ్మల పుస్తకాలు. మూడు నెలలు అక్కడ ఉంచి, తిరిగి తెప్పించి, కొత్తవి పంపాలి. మొదటి విడత పెట్టెలు తిరిగి వచ్చిన రోజున ఆమె ఒక్కొక్క పుస్తకమూ తీసి నేల మీద పరిచింది. జిరాఫీ తల ఒక పేజీలో ఉంటే మెడ పెట్టె అడుగున ఉంది. గ్రహాల పుస్తకంలో శని చుట్టూ ఉండవలసిన వలయాన్ని ఎవరో కత్తిరించి తీసుకుపోయారు. శాస్త్రవేత్తల బొమ్మలన్నిటికీ, ఆడవాళ్లతో సహా, పెన్సిలు మీసాలు మొలిచాయి.

"పోనీలే అక్కా, చదివారుగా!" అన్నాడు డ్రైవరు.

"చదవడం కాదిది, వేటాడటం," అంది ఆమె.

తిట్టడం ఆమె స్వభావం కాదు కనుక ఒక పద్ధతి కనిపెట్టింది. మడత, మరక, చిరుగు, ఊడిన కుట్టు ఒక్కొక్కదానికీ ఒక్కో తరుగు మార్కు. పెట్టె తిరిగి రాగానే భూతద్దంతో ప్రతి పుస్తకమూ తిరగేసి, తరుగును బట్టి బడుల పేర్లు వరసగా రాసేది. ఏడాది చివర అతి తక్కువ తరుగు వచ్చిన బడికి ఒక ఫలకం. నల్లచెక్క మీద ఇత్తడి రేకు. ఆ విడత నుంచే నష్టం తగ్గడం మొదలైంది. గ్రంథాలయం గోడ మీద ఆమె గీసిన తరుగు మార్కుల రేఖ ప్రతి విడతకూ కిందికి జారుతూ వచ్చింది. ఇటుకల గోదాము వెనకనున్న చిన్న బడి అయితే వరసగా మూడు విడతలు ఒక్క తరుగు మార్కు కూడా లేకుండా పెట్టెను వెనక్కి పంపింది.

ఆ రేఖ గ్రంథాలయాల సంచాలకుడి కంటబడింది. నెమ్మదస్తుడు, పుస్తకమంటే ప్రాణమిచ్చే మనిషి. ఈ పద్ధతిని తన కింద ఉన్న అన్ని శాఖల్లోనూ పెట్టించాలనీ, ఆ పనంతటికీ ఆమెనే పెద్దగా నియమించాలనీ అనుకున్నాడు. శనివారం ఉదయం ఆ గోదాము వెనక బడికి తానే వచ్చి, ఫలకం ఇచ్చి, ఆ సంగతి అక్కడే ప్రకటిస్తానన్నాడు. ఎన్నడూ పొంగిపోని ఆమె ఆ వారమంతా బీరువాల తాళాలు మరిచిపోతూ తిరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం ఏర్పాట్లు చూసుకోవడానికి డ్రైవరుతో కలిసి ఆ బడికి వెళ్లింది. ఒకే పొడుగు గది, పక్కన వరండా. గోడకు ఆనించిన బల్ల మీద పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని లేచి నిలబడ్డారు. ఆమెకు ముచ్చటేసింది.

"రేపు సార్ ముందు ఒకరు రెండు పేజీలు చదివి వినిపిస్తే బాగుంటుంది టీచర్," అంటూ ఆమె బల్ల మీది పుస్తకమొకటి తీసి తెరిచింది.

పుస్తకం వెన్ను ఫటుక్కున చప్పుడు చేసింది.

ఆ చప్పుడు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కొత్త పుస్తకం మొట్టమొదటిసారి తెరుచుకున్నప్పుడు మాత్రమే ఎండిన జిగురు అలా పలుకుతుంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంకొకటి తీసింది. అంచులకు పూసిన ఎర్రరంగు పేజీలను ఇంకా ఒకదానికొకటి అతికించే ఉంచింది. మూడోదానిలో గుర్తుకోసం పెట్టే పట్టుదారం, అచ్చు వేసినచోట ఎలా చుట్టి పెట్టారో అలాగే చుట్టుకుని ఉంది. అది నొక్కుకున్న గాడి కూడా చెదరలేదు. తిరిగి వచ్చిన పెట్టెల్లో మచ్చ కోసం, చిరుగు కోసం భూతద్దంతో వెతికిందే కాని, తను పేజీలు తెరుస్తున్నప్పుడు వచ్చిన ఈ చప్పుడును ఆమె చెవి ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. పుస్తకాలు కొత్తగా కనిపిస్తే అది వాళ్ల జాగ్రత్త అనుకుంది.

"అయ్యో మేడమ్! అట్లా తెరవకూడదు!" ముందు వరసలో ముందుపన్ను ఊడిన ఒక పిల్ల కెవ్వుమంది. "నలిగిపోద్ది!"

ఆమె టీచరు వైపు తిరిగింది. "వీటిని ఎవరూ తెరవలేదా?"

టీచరు తల దించుకోలేదు. "ఎవరు తెరుస్తారు మేడమ్? మీరు మార్కులు పెట్టిన మొదటి విడతలో మా వాడొకడు పేజీ చించాడని మా బడి పేరు అన్నిటికన్నా అడుగున పెట్టారు. వాడు వారం రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి నా ముందు ఏడ్చింది. పుస్తకం తెరిస్తే ఏదో ఒకటి అవుతుంది, పిల్లలు కదా. తెరవకపోతే ఏమీ కాదు. గెలవడానికి ఇంకో దారి ఉందంటారా మీరు?"

"మరి చదివే గంటలో ఏం చేస్తారు?"

"చూస్తాం!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

చదివే గంటలో పుస్తకాలను బల్ల మీద నిలబెట్టి, వాటి ఎదుట వరసగా కూర్చుని, అట్టల మీది బొమ్మలు చూస్తారు. ఏ అట్ట వెనక ఏ కథ ఉందో వాళ్లే తేల్చుకున్నారు. గొడుగు కింద నిలబడ్డ ఏనుగుకు జలుబు చేసిందట. తుమ్మితే ఊరు కొట్టుకుపోతుందని ముందు జాగ్రత్తగా గొడుగు అడ్డం పెట్టుకుందట. నిజానికి అది వర్షాన్ని కొలిచే విధానం గురించిన పుస్తకం. ఆమె దాన్ని ఎంత వెతికి తెప్పించిందో!

తిరుగు దారిలో వ్యానులో ఆమె తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. డ్రైవరు రెండుసార్లు అద్దంలోంచి చూసి, చివరికి ఊరుకోలేక అన్నాడు. "అక్కా, నేనొకటి అడగనా? సారుకి ఇదంతా తెలియాల్సిన పని ఉందా?"

"రోడ్డు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నాలే. పుస్తకాలు శుభ్రంగా ఉన్నాయా, ఉన్నాయి. ఫలకం దేనికి? శుభ్రానికి. మరి ఇందులో అబద్ధం ఏముంది?"

ఆమెను కొయ్యబారేలా చేసింది అదే. గోడ మీది రేఖలో ప్రతి చుక్కా నిజమే. ప్రతి చుక్కనూ తన చేత్తో పెట్టింది. ఒక్క అబద్ధమూ లేకుండా, ఎవరూ ఎవరినీ మోసం చేయకుండా, ఒక గది నిండా పుస్తకాలు మూతబడిపోయాయి. ఇక రేపటి నుంచి అన్ని శాఖల్లోనూ అలాగే మూతబడతాయి.

ఇంటికి వచ్చి వంటగదిలో స్టూలు మీద కూలబడింది. అత్తగారు చిక్కుళ్లు వలుస్తూ సంగతంతా విని నోరు వెళ్లబెట్టింది. మరుక్షణమే ఆవిడకు నవ్వాగలేదు.

"నవ్వకండి అత్తయ్యా."

"నవ్వక ఏం చెయ్యనే? కాపురానికొచ్చిన కొత్తలో, పేపరు చదవబోతుంటే నా చేతులు చూపించమన్నావు. గుర్తుందా? ఆ దెబ్బకి నేను ఆర్నెల్లు పేపరు ముట్టుకోలేదు. వార్తలన్నీ పక్కింటావిడని అడిగి తెలుసుకున్నా."

ఆమె నిర్ఘాంతపోయి చూసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితేగా! పేపరు నలగలేదని మురిసిపోయేదానివి." ఆవిడ గిన్నె పక్కన పెట్టి, కోడలి మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆ పెద్దాయనతో చెబుతావా?"

"చెబితే పని పోతుంది. ఇన్నేళ్లుగా కట్టుకొచ్చిందంతా పోతుంది."

"చెప్పకపోతే?"

ఆమె గిన్నె దగ్గరికి లాక్కుని చిక్కుళ్లు వలవసాగింది.

శనివారం ఉదయం సంచాలకుడు చెప్పిన వేళకే వచ్చాడు. ఫలకాన్ని వార్తాపత్రికలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గదిలోకి అడుగు పెడుతూనే బల్ల మీది పుస్తకాలను చూసి అబ్బురపడ్డాడు. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అట్ట మీద మనుషులెవరూ లేని పడవ, దాని చుట్టూ నీలి సముద్రం.

"ఇందులో ఏముందో ఎవరైనా చెబుతారా?"

ముందుపన్ను ఊడిన పిల్ల లేచింది. "నేను చెప్తా సార్! పడవాయన కళ్లజోడు నీళ్లలో పడిపోయింది సార్. అది లేకపోతే ఆయనకి ఇల్లు కనపడదు. అందుకని దూకాడు. కింద చేపలన్నీ ఆ కళ్లజోడు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూసుకుంటున్నాయి. వంతు వచ్చేదాకా ఆగమన్నాయి. అందుకే పడవ ఖాళీగా ఉంది."

సంచాలకుడు పకపకా నవ్వాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "చూశారా అమ్మా! అట్ట నలగలేదు, కథ మాత్రం లోపలికి ఇంకింది. నేను కోరుకున్నది ఇదే." పుస్తకాన్ని తెరవకుండానే, ఎంతో భద్రంగా, తిరిగి బల్ల మీద నిలబెట్టాడు. ఫలకం మీది కాగితం విప్పసాగాడు.

టీచరు గోడకు అంటుకుపోయి నిలబడింది. గుమ్మంలోంచి డ్రైవరు వద్దన్నట్టు తల ఊపాడు. అంతా గట్టెక్కిపోయినట్టే. ఆమె చేయవలసిందల్లా ఊరుకోవడమే. అది ఆమెకు అందరికన్నా బాగా వచ్చిన పని.

"సార్, అది సముద్రపు ఆటుపోట్ల పుస్తకం," అంది ఆమె. "అందులో పడవాయన లేడు."

"ఏమన్నారూ?"

"ఈ గదిలో ఉన్న ఒక్క పుస్తకాన్నీ ఎవరూ చదవలేదు. తెరవను కూడా లేదు. తెరిస్తే మార్కులు పోతాయని. ఆ మార్కులు పెట్టింది నేను. తప్పు వీళ్లది కాదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. పుస్తకం మళ్లీ తీసి తెరిచాడు. వెన్ను ఫటుక్కుమంది. ఇంకొకటి తెరిచాడు, ఇంకొకటి. పక్కనున్న పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుండిపోయాడు.

"నిన్ననే మిగతా శాఖలవాళ్లకి చెప్పేశాను," అన్నాడు. "ఈ మాట నాతో విడిగా చెప్పవచ్చు కదమ్మా."

"ఫలకం ఇచ్చేశాక చెప్పినా లాభం ఉండదు సార్."

"ఇక ఈ పెట్టెల పని మీ దగ్గరే ఉంటుందని నేను చెప్పలేను."

"తెలుసు సార్."

ఆయన ఫలకానికి మళ్లీ కాగితం చుట్టాడు. కోపం లేదు, దెబ్బ తగిలినవాడిలా మెల్లగా లేచి వెళ్లిపోయాడు. బయట కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"ఫలకం మాకు రాదా మేడమ్?" అడిగింది ఆ పిల్ల. దాని కింది పెదవి వణుకుతోంది. "ఒక్కటి కూడా నలపలేదు కదా మేం!"

ఆమె ఆటుపోట్ల పుస్తకం తీసుకుని పిల్లల మధ్య నేల మీద చతికిలబడింది. తండ్రి నేర్పినట్టు ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు తెరిచి, వెన్నును వేలితో మెత్తగా నొక్కి, ఆ పిల్ల ఒడిలో పెట్టింది. పిల్ల టీచరు వైపు చూసింది. టీచరు తలూపింది. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. ఎవరో పేజీ పట్టుకుని లాగారు. మరొకరు ఇటు లాగారు. పర్రుమని చిరిగింది.

పిల్లలందరి చేతులూ ఒక్కసారిగా వెనక్కి వెళ్లిపోయాయి. ఆమె మనసు కూడా అప్పుడే తరుగు మార్కు వేసేసింది. అలవాటు అంత తొందరగా పోయేది కాదు. చిరిగిన అంచుల్ని కాసేపు చూసి, రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపింది.

"చంద్రుడు... నీటిని... తన వైపు..." పిల్ల కూడబలుక్కుంటూ చదివింది. పేజీ తిప్పింది. ఇంకొకటి తిప్పింది. దాని మొహం పాలిపోయింది. "మేడమ్, నిజంగానే ఆయన లేడే! మొత్తం చూశారా మీరు?"

"చూశాను."

"సరిగ్గా చూశారా?"

ఆమె సమాధానం కోసం ఆ పిల్ల ఆగలేదు. అట్ట దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టి, పక్కవాళ్ల తలల్ని మోచేత్తో నెట్టేస్తూ, ఒక్కొక్క వాక్యం కింద వేలు పెట్టుకుని, పడవాయన కోసం వెతకసాగింది.