మెట్రో ఎవరికి రావాలో తెలిసిన పెద్దమనిషి

మెట్రో ఇంకా నోయిడా దాకా రాని రోజులవి. ఢిల్లీ ఆర్.కె. పురం నుంచి నోయిడాకి బస్సులో వెళ్తూ ఫోనులో అమ్మతో మాట్లాడుతుంటే, పక్క సీట్లో పెద్దాయన మొహం వెలిగింది. "మనవాళ్ళే! ఏ జిల్లా అమ్మా?" అన్నాడు. రిటైరైన ఆఫీసరట, నోయిడాలో రెండు ఫ్లాట్లట. నేను అడగకుండానే అన్నీ చెప్పాడు. రిటైరైనా గొంతులో అధికారం తగ్గలేదు.

ముందు సీటతను పేపరు చదువుతూ, నోయిడాకి వేసే కొత్త మెట్రో లైనుకు డబ్బు చాలడం లేదట అని హిందీలో నిట్టూర్చాడు. ఈయన వెంటనే నావైపు తిరిగాడు.

"మా సొసైటీ ముందు మాత్రం భూమిలోంచే వెయ్యాలమ్మా. స్తంభాలు కడితే బాల్కనీలోంచి ఇంకేం కనిపిస్తుంది?"

"దానికి ఖర్చు ఇంకా ఎక్కువ కదండీ?"

"అచ్ఛా, అయితే చివరి రెండు స్టేషన్లు తీసేస్తే సరి. అక్కడ దిగేదెవరు? పనిమనుషులు, డ్రైవర్లు. వాళ్ళకి బస్సులున్నాయిగా!"

"నేనూ అక్కడే ఉంటానండీ."

సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన నామీద జాలిపడ్డాడు.

"అయ్యో! మా రెండో ఫ్లాటు ఖాళీగానే ఉంది. మెట్రో వచ్చాక అద్దె పెంచుతాను గానీ, మన తెలుగమ్మాయివి, ఇప్పుడైతే తగ్గించి ఇస్తాను."

నా స్టాపు ఇంకా చాలా దూరం. అయినా "భయ్యా, రోక్ దో!" అని అరిచి, ఎండలో దిగిపోయాను. బస్సు కదులుతున్నా ఆయన కిటికీలోంచి తన ఫోన్ నంబరు చెబుతూనే ఉన్నాడు.

ఆ లైను చివరిదాకా వచ్చింది, స్తంభాల మీదే. ఆ రైల్లో ఎక్కడైనా తెలుగు వినిపిస్తే, పలకరించే ముందు ఏం మాట్లాడుతున్నారో కాసేపు వింటాను.