గుట్టు ఆఫీసు దమయంతి గారు

మొన్న సాల్ట్ లేక్‌లో ఒక రక్తపరీక్షల కేంద్రానికి వెళ్లాను. పరగడుపున వచ్చినవాళ్లంతా వరుస కుర్చీల్లో నీరసంగా కూర్చున్నారు. స్పిరిట్ వాసన, ఏసీ చలి. కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు మీంచి తలెత్తకుండానే ఫోన్ నంబరు చెప్పమంటోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు గట్టిగా నంబర్లు చెప్పేస్తున్నారు. తర్వాత వయసు, ఆ తర్వాత ఏ పరీక్షకు వచ్చారో. ఒక పెద్దాయనకి సరిగా వినబడదు కాబోలు, ఆయన చేయించుకోవలసిన పరీక్ష పేరును ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ అరిచి చెప్పింది. మేమంతా ఫోన్లలోకి తలలు దించుకున్నాం. ఆయన ఎటు చూడాలో తెలియక గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ అరుపు, ఆ అంకెలు చెవిన పడుతుంటే నాకు దమయంతి గారు గుర్తొచ్చారు. ఆవిడ అక్కడ ఉండి ఉంటే ఆ అమ్మాయిని ఒక్క మాటా అనేవారు కాదు. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కెళ్లి కౌంటరు పక్కన వేసి, "ఆయన్ని ఇక్కడ కూర్చోబెట్టి అడుగు తల్లీ, నీ గొంతూ నొప్పెట్టదు" అని బెంగాలీలో చెప్పి వచ్చేవారు.

భవానీపూర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన ఉండే చిన్న ప్రభుత్వ కార్యాలయానికి ఆవిడ అధికారి. నేను ఆవిడ కింద పనిచేశాను. జనం ఎక్కడో ఇచ్చిన సొంత వివరాలు, అంటే జబ్బు సంగతి, ఫొటో, ఫోన్ నంబరు, వేలిముద్ర లాంటివి చేరకూడని చోటికి చేరితే విని, సరిచేయించడం మా పని. బస్తీల్లోకి వెళ్లి, ఎవరైనా వివరాలు అడిగితే ఎందుకని తిరిగి అడగొచ్చని చెప్పడం కూడా అందులో భాగమే. కార్యాలయం అసలు పేరు బోర్డు మీద పట్టనంత పొడుగు. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు లైన్లలో, అంటే కూలీల వరుస ఇళ్లలో, ఉండే మన తెలుగు ఆడవాళ్లు దాన్ని గుట్టు ఆఫీసు అనడం మొదలుపెట్టారు. ఆ పేరు విన్న రోజు దమయంతి గారు చాలాసేపు నవ్వుకున్నారు. "ఇదే బాగుంది. గుట్టుగా బతకనివ్వండి అని అడగడమే కదా మన ఉద్యోగం" అన్నారు.

నాది ఖమ్మం. సెక్టార్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని వచ్చాను. తెలుగు వచ్చిన మనిషి కావాలని ఈ కార్యాలయం వాళ్లు అడుగుతున్నారంటే కాంట్రాక్టు పనికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ రోజున దమయంతి గారు మామూలుగానే అడిగారు, అంత మంచి ఉద్యోగం ఎందుకు వదులుకుంటున్నావని. గదిలో ఇద్దరు గుమాస్తాలున్నారు. నేను గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాను. ఆవిడ నా మొహం చూసి చెయ్యెత్తి ఆపి, లేచి, నన్ను బయట వరండాలోకి తీసుకెళ్లారు. కింద దుకాణంలో పాలు మరుగుతున్న వాసన వస్తోంది.

"ఇప్పుడు చెప్పమ్మా. చెప్పాలనిపిస్తేనే. అందరి ముందూ అడగడం నాదే తప్పు" అన్నారు.

అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఆవిడకి చెప్పాను. నిద్ర పట్టక, భయాలతో నేను మానసిక వైద్యురాలి దగ్గరికి వెళుతున్నానని సెలవు కాగితంలో రాస్తే, ఆ మాట మా టీం మొత్తానికి పాకిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ నేను గదిలోకి వెళితే మాటలు ఆగిపోయేవి. పని ఇచ్చేటప్పుడు, "నీకు ఇబ్బంది లేదు కదా" అని జాలిగా అడిగేవారు. దమయంతి గారు విని సలహా ఇవ్వలేదు, ఓదార్చలేదు. "ఒకటో తారీఖు నుంచి రా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ దగ్గర ఉన్న అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. ఆవిడ మరచిపోయారనే అనుకున్నాను. కానీ మందుల కోసం నేను వెళ్లవలసిన రోజుల్లో నాకు బస్తీ పని ఎప్పుడూ పడేది కాదని చాలా తర్వాత గమనించాను.

ఆవిడ పుట్టింది బడ్జ్ బడ్జ్ మిల్లు లైన్లలోనే. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మగ్గాల విభాగంలో పనిచేశాడు. లైన్లలో చదువుకుని లా పూర్తిచేసిన ఆడపిల్ల ఆవిడే. నాతో మాట్లాడితే పుస్తకంలో తెలుగు. రైలు దిగి లైన్లలో అడుగుపెడితే మాత్రం భాష మారిపోయేది. "ఏటమ్మా, ఏటి సేస్తన్నావు" అంటూ గడప మీద కూర్చునేవారు. ఒకసారి టీ తాగుతూ నాతో అన్నారు: "మా గదికి తలుపుండేది కాదు స్వప్నా, గోనెపట్టా వేలాడేది. ఏడుపొస్తే ఏడవడానికి నది ఘాట్ దాకా నడిచేదాన్ని. అక్కడ కూడా ఎవరో ఒకరు చూసి మా అమ్మకి చెప్పేవారు." చట్టం గురించి నేను చాలా చదివాను కానీ, దాని అవసరం ఎక్కడ పుడుతుందో ఆ గోనెపట్టా చెప్పినంత బాగా ఏదీ చెప్పలేదు.

ఆవిడతో చేసిన పనుల్లో నాకు ఎక్కువగా గుర్తున్నది పార్వతి సంగతి. పార్వతి అసలు పేరు కాదు. రాసే ముందు ఫోను చేసి అడిగితే, "రాసుకో అమ్మా. నా పేరెట్టకు, ఫొటో ఎట్టకు. ఇడ్లీలు మాత్రం బాగుంటాయని రాయి" అంది. బాగుంటాయి. మిల్లు గేటు దగ్గర పొద్దున షిఫ్టు జనానికి ఇడ్లీ అమ్మి, భర్త పోయాక కూతుర్ని చదివించుకుంటున్న మనిషి. మధ్యలో క్షయ వచ్చింది. మందులన్నీ మానకుండా వాడింది, నయమైంది. ఆమెకి మందులూ పాలూ ఇచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఒకరోజు ఫొటో తీస్తామన్నారు. మంచి చీర కట్టుకుని, నవ్వుతూ నిలబడింది. కొన్నాళ్లకి సరిగ్గా ఆ మిల్లు గేటు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద నిలువెత్తు పార్వతి. పక్కన బెంగాలీలో పెద్దక్షరాలు, క్షయను జయించిన వీరవనిత అని. ఫ్లెక్సీ కింద కూర్చుని ఆమె ఇడ్లీ అమ్ముతోంది. ఆమెకి బెంగాలీ మాట వచ్చు, చదవడం రాదు. జనం తగ్గిపోయారు. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. చివరికి కూతురే బడి నుంచి వస్తూ చదివి చెప్పింది.

మేం వెళ్లేసరికి పార్వతి ఇంట్లోనే ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నేను ఆవేశంగా ఉన్నాను. లైన్లలో సభ పెడదామని, డాక్టర్ని పిలిపించి, నయమైన క్షయ అంటుకోదని అందరికీ చెప్పిద్దామని, పార్వతిని వేదిక మీద కూర్చోబెడదామని దమయంతి గారికి చెప్పాను. ఆవిడ సౌమ్యంగానే అన్నారు: "ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్లు కూడా మంచి ఉద్దేశంతోనే కట్టారు కదమ్మా. మన సభ దానికంటే పెద్ద ఫ్లెక్సీ అవుతుంది." తర్వాత పార్వతి వైపు తిరిగి, "నీకేటి గావాల సెప్పు. నాను సేస్తాననుకున్నది కాదు, నీకు గావలసింది" అని అడిగారు.

పార్వతి బోర్లించిన గిన్నెల వైపు చూసింది. తర్వాత, "దాన్ని దించీమను దీదీ" అంది. ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "దించీసి నాకిచ్చీమను. నాకు అంత బాగా ఎవులూ ఫొటో తియ్యనేదు" అంది.

నేను ఆశ్చర్యపోయాను. దమయంతి గారు మాత్రం తలూపి, "అవును, బాగా పడ్డావు" అన్నారు.

ఆ సంస్థ కార్యదర్శి నడివయసు బెంగాలీ పెద్దమనిషి. సౌమ్యుడు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, "ఆమెను అడిగే తీశాం దీదీ. నవ్వుతూ నిలబడింది, మీరే చూడండి" అన్నాడు.

"ఫొటో తీస్తామంటే నవ్వింది. గేటు ముందు కడతామని, పక్కన ఈ మాట రాస్తామని చెప్పి ఉంటే నవ్వేదా?"

"మేం మంచికే చేశాం."

"తెలుసు. అందుకే నోటీసు పంపకుండా నేనే వచ్చాను."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. తన తల్లికీ ఒకప్పుడు ఆ జబ్బు ఉండేదని, అందుకే ఈ పని మొదలుపెట్టానని చెప్పాడు. మీ అమ్మగారి ఫొటో కట్టారా అని దమయంతి గారు అడుగుతారేమోనని నాకు భయం వేసింది. ఆవిడ అడగలేదు. ఆయనే లేచి, నిచ్చెన కోసం మనిషిని పిలిచాడు. ఫ్లెక్సీ దిగేదాకా మాతో పాటు ఎండలో నిలబడ్డాడు.

దించిన ఫ్లెక్సీని తర్వాత తెచ్చిస్తామని సంస్థవాళ్లు అన్నారు, దమయంతి గారు ఒప్పుకోలేదు. ఈ ఊళ్లో పాత ఫ్లెక్సీ ఏదీ వృథా పోదు. ఎవరో పట్టుకెళ్లి వానకి ఇల్లు కురవకుండా కప్పు మీద పరుస్తారు. అప్పుడు పార్వతి మొహం ఇంకో వీధిలో తేలుతుంది. ఆవిడే దగ్గరుండి బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టించారు. టోటో రిక్షాలో మా ఇద్దరి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని లైన్లకి తీసుకెళ్లాం. పార్వతి దాన్ని గదంతా పరిచి కాసేపు తన మొహం తనే చూసుకుంది. కత్తెరతో అక్షరాలున్న సగాన్ని వేరుచేసి, సన్నగా పీలికలు చేసింది. బొమ్మ ఉన్న ముక్కని చీరలా మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. కూతురు నవ్వుతుంటే, "ఏటే నవ్వుతావు, నీ పెళ్లిలో గోడకెడతాను" అంది.

కార్యదర్శి మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడని తర్వాత తెలిసింది. వ్యాపారం మాత్రం వెంటనే కోలుకోలేదు. చాలా నెలలు పార్వతి గేటు వదిలి, కొత్త జనం వచ్చిపోయే ఫెర్రీ ఘాట్ దగ్గర అమ్ముకుంది. పాత బేరాలు నెమ్మదిగా అక్కడికే వచ్చాయి. ఆ రోజు తిరుగు రైల్లో మాత్రం మాకు అదేమీ తెలియదు. గెలిచామన్న సంతోషంలో నేనున్నాను. దమయంతి గారు కిటికీ పక్కన కూర్చుని, "దించడమైతే దించాం. చూసినవాళ్ల కళ్లలోంచి ఎలా దించుతాం?" అన్నారు.  మా పనికి ఉన్న హద్దు ఏమిటో నాకు ఆ రైల్లోనే తెలిసింది. ఆవిడకి అది ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ మర్నాడు ఉదయం నాకంటే ముందే కార్యాలయానికి వచ్చి కూర్చున్నారు.

రిటైరయ్యే ముందు సంవత్సరం ఆవిడ తరచుగా సెలవు పెట్టేవారు. ఒకరోజు బడ్జ్ బడ్జ్‌లో పని అయ్యాక, "ఊరికే అవతలి ఒడ్డుకి వెళ్లొద్దామా" అన్నారు. లాంచీ ఎక్కాం. మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నారు. ఇంజను మోతలో ఒకరి మాట ఆనుకుని నిలబడ్డవాళ్లకి తప్ప ఇంకెవరికీ వినబడదు. అక్కడ, రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ, ఆవిడ నాకు తన సంగతి ఒకటి చెప్పారు. ఎక్కువసేపు పట్టలేదు. చెప్పాక, "ఎన్నేళ్లుగా వింటూనే ఉన్నాను స్వప్నా. నేనూ ఒకరికి చెప్పుకోవాలనిపించింది" అన్నారు.  ఆవిడ నన్ను మొదటిరోజు విన్నట్టే విన్నాను. అవతలి ఒడ్డున ఝాల్‌ముడీ మరమరాలు కొనుక్కుని, కారం ఎక్కువైందని అమ్మేవాడితో ఆవిడ సరదాగా తగువాడారు. అదే లాంచీలో వెనక్కి వచ్చాం.

దమయంతి గారు పోయి రెండేళ్లవుతోంది. సంస్మరణ సభకి చాలామంది వచ్చారు, మిల్లు లైన్ల వాళ్లు, వకీళ్లు, మా పాత గుమాస్తాలు. పార్వతి కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుంది. సభ అయ్యాక కాఫీల దగ్గర ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "మీరు బాగా దగ్గర కదా. ఆవిడకి ఏదో కష్టం ఉండేదంటారు, ఏమిటండీ అది?" అని అడిగింది. ఆమెలో చెడ్డతనం లేదు, ప్రేమగానే అడిగింది. తెలియదండీ అందామని నోటిదాకా వచ్చింది. అది తేలిక. కానీ ఆ మాటతో నేను దమయంతి గారికి ఏమీ కానని చెప్పినట్టవుతుందనిపించింది.

"తెలుసండీ. చెప్పను" అన్నాను.

ఆ పెద్దావిడ కొంచెం నొచ్చుకుని, తర్వాత తలూపి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. ఇంటికి వస్తూ చాలా రోజుల తర్వాత నాకు ఏడుపొచ్చింది. భారంగా అనిపించి కాదు. ఒక మనిషి తన బతుకులో ఎవరికీ ఇవ్వనిది నా చేతిలో పెట్టి వెళ్లారన్నది అప్పుడే పూర్తిగా అర్థమైంది.

ఆవిడ గురించి నాకు తెలిసినదంతా రాయాలనే కూర్చున్నాను. రాయగలిగినంత రాశాను. లాంచీలో విన్నది మాత్రం ఇందులో లేదు. అది నా దగ్గరే ఉంది.