మనహర్‌భాయ్ ‘ఒకవేళ’లు

‘ఒకవేళ’ అనకుండా మనహర్‌భాయ్ ఒక్క కప్పు టీ తాగడం సూరత్‌లో ఎవరూ చూడలేదు. పెళ్లికి పిలిస్తే పందిరి గుంజ ఊపి, “ఒకవేళ కూలితే?” అంటాడు. ఓ బారసాలలో ఉయ్యాల గొలుసు లాగి చూసి, బామ్మగారి చేత చీవాట్లు తిన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు మరి!

రసీలాబెన్ ఖాఖ్రాలు, అంటే కరకరలాడే పల్చటి రొట్టెలు, ఇరుగుపొరుగుకి అమ్ముకున్నన్నాళ్లూ ఆమెకి ఆయన బెడద అంతగా లేదు. కోడలు వాటిని ఫోన్లో అమ్మకానికి పెట్టింది. పుణె నుంచి, దుబాయ్ నుంచి ఆర్డర్లు వచ్చాయి. ముందుగదిలోకి ప్యాకింగ్ మిషను వచ్చింది. దాని వెనకే మనహర్‌భాయ్ వచ్చాడు.

“బెన్, ఒకవేళ మిషను కాలిపోతే?”

“నీ నోటికి శుభం రాదా? ఇంటికి పాలసీ నువ్వే చేయించావుగా!”

“అది ఇల్లు ఇల్లులా ఉన్నప్పటిది. ఇప్పుడిది అటు ఇల్లూ కాదు, ఇటు దుకాణమూ కాదు. ఒకవేళ ఏమైనా అయితే పైసా రాదు.”

“కమిషన్ కావాలని చెప్పు, సరిపోతుంది!”

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. “ఒకవేళ దుబాయ్‌లో ఎవరికైనా గొంతుకడ్డం పడితే?” అన్నాడు. పదమూడో రోజున పీడ వదిలితే చాలనుకుని, రసీలాబెన్ పిండి చేతుల్తోనే ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టి, ప్రీమియం కట్టేసింది. ఒక్క ముక్క చదవలేదు.

ఆ వానల్లో వీధి కాలువ పొంగి, ముందుగదిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. మిషనూ, పిండి బస్తాలూ, దీపావళి ఆర్డర్లూ నీళ్లపాలయ్యాయి. ఇంటి పాలసీ వాళ్లకి ఫోన్ చేస్తే, “ఇంట్లో వ్యాపారమా? కుదరదండీ” అన్నారు. రసీలాబెన్ గడప మీద కూలబడింది. ఆ పొయ్యిని నమ్ముకుని ఆమెతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్లు బతుకుతున్నారు.

అప్పుడు ఆ రెండో కాగితం గుర్తొచ్చింది. దాని మీద నష్టపరిహారమంతా నెల తిరక్కుండా చేతికొచ్చింది. తీరా చదివి చూస్తే, అది మనహర్‌భాయ్ కంపెనీది కాదు! ఏజెంటు పేరు ఉపేంద్రభాయ్ అని ఉంది. వాళ్లిద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు.

“ఇదేమిటి భాయ్? అతను ఎదురొస్తే నువ్వు సందు మారతావుగా!”

మనహర్‌భాయ్ నసిగాడు. “ఇంటి వ్యాపారాలకి మా కంపెనీలో పాలసీయే లేదు బెన్. వాళ్లు కొత్తగా పెట్టారు. తప్పేదేముంది, వాడి మెట్లెక్కాను.”

“మరి కమిషన్?”

“వాడికే.”

రసీలాబెన్‌కి తను అన్న మాట తలుచుకుంటే సిగ్గేసింది. వేడి ఖాఖ్రాకి నెయ్యి రాసి చేతిలో పెట్టింది. “తిను. ఉపేంద్రభాయ్‌కీ ఓ డబ్బా కడతాను.”

“కట్టు, నేనే ఇస్తాలే. మా మేనేజరుకి మాత్రం చెప్పకు బెన్. ఈ ఏడాది ఇలాగే పదకొండు ఇళ్ల వాళ్లని వాడి దగ్గరికి తోలాను.”