రాసిస్తేనే నమ్మే మా అత్త

మా అత్త భానుమతికి నోటిమాట మీద నమ్మకం లేదు. ఎవరేం చెప్పినా "రాసియ్యి" అంటుంది. హిందూపురంలోని మా చింతపండు మండీకి సరుకు తెచ్చే రైతులు గింజ లేదని రాసిచ్చాకే బస్తా దించాలి. వంకాయలమ్మే వెంకటమ్మకు చదువు రాదు. పాపం, పుచ్చులు లేవని రోజూ వేలిముద్ర వేసి పోతుంది.

ఒకసారి ఇద్దరం ధర్మవరం బస్సెక్కాం.

"ఏమప్పా, పెనుకొండలో నిలుపుతావా?"

"నిలుపుతామమ్మా."

"రాసియ్యి."

కండక్టరు టికెట్టు వెనక రాసి సంతకం కూడా పెట్టాడు. పెనుకొండలో బస్సు ఆగింది. అత్త కదల్లేదు.

"మనం దిగేది ధర్మవరంలో గదా అత్తా?"

"అవును. అయినా మాట మీద నిలబడతాడో లేదో చూడాల గదా!"

ఆరేళ్లుగా రైతులకూ, వెంకటమ్మకూ ఈ చీటీలన్నీ రాసిపెట్టే ఉద్యోగం నాది. "మా ప్రత్యూష చేతిరాత అచ్చేసినట్లుంటాది" అని అత్త ఊరంతా చెప్పుకునేది. ఆర్నెల్ల క్రితం మా మరిదికి పెళ్లయి అశ్విని వచ్చింది. పెనుకొండలో ఆఫీసు ఉద్యోగం, ఫోన్లోనే టకటకా ఇంగ్లీషు మెయిళ్లు. నా పెన్ను మూలపడింది. అసూయంటే కడుపుమంట అంటారు గానీ, నాకు అరికాళ్ల నుంచే మొదలైంది. వాళ్లిద్దరూ సోఫాలో తలలు ఆనించి గుసగుసలాడుతుంటే, వంటింట్లో నేను గిన్నెలు కావాలనే చప్పుడయ్యేలా పడేసేదాన్ని.

ఒకరోజు హాల్లో ఫోన్ స్పీకర్లో ఇన్సూరెన్సు కంపెనీ కుర్రాడి గొంతు వినిపించింది.

"చేతిలో పెడతారే, గర్భం రాకుండా, ఆ ఇంప్లాంటుకు మా పాలసీ వర్తిస్తాదా?" అని అశ్వినిని పక్కన కూర్చోబెట్టుకుని అత్త అడుగుతోంది.

"చెక్ చేసి చెప్తాం మేడమ్."

"చెప్తే చాల్దు నాయనా, రాసియ్యి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నా రెండో పాప కూడా ఆపరేషనుతోనే పుట్టింది. ఇప్పట్లో మళ్లీ గర్భం వస్తే మంచిది కాదని, ఇంప్లాంట్ పెట్టించుకోమని ధర్మవరం డాక్టరమ్మ నాకు చీటీ రాసిచ్చింది. మగపిల్లాడెప్పుడని చుట్టాలంతా అడుగుతుంటే ఇంట్లో చెప్పడానికి నోరు పెగల్లేదు. చీటీని రాగిపిండి డబ్బా అడుగున దాచి, మూడు నెలలుగా భయంతో చస్తున్నాను. కొత్తకోడలికేమో అత్తే కంపెనీకి ఫోన్లు చేస్తోంది!

వారానికి కంపెనీ జవాబు వచ్చింది. ఆ కాగితం చూసి ఇద్దరూ నవ్వుకుంటుంటే ఇక నా వల్ల కాలేదు.

"అశ్వినికైతే కంపెనీతో కొట్లాడతారు. రెండు కోతలు పడినదాన్ని, నన్ను ఒక్కమాట అడగల్యా మీరు!"

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరికోసం అడిగినామనుకుంటివే? ఇంట్లో సంగటి కెలికేదాన్ని నేను. రాగిపిండిలో కాగితం దొరికితే చదవకుండా ఉంటానా?"

కాగితం మీద పేరు చూశాను. ప్రత్యూష అనే ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"వాళ్లు రాసియ్యని మాట నీకెట్ల చెప్పేది?"

"పాలసీ వర్తిస్తుందా?"

"వర్తించదంట. కానీ ఎంత చక్కగా రాసిచ్చినారో చూడు!" అత్త మురిసిపోయింది. "దుడ్లు మనమే పెట్టుకుందాం. బేస్తవారం ధర్మవరం పోదాం. నీకు ఇష్టమే గదా?"

"ఇష్టమే. కానీ చుట్టాలు మగపిల్లోడని..."

"పెన్ను తే."

మొదటిసారి అత్తే స్వయంగా రాసింది. "మూడో బిడ్డ సంగతి ప్రత్యూషను ఎవరూ అడగగూడదు. అడగాలంటే నన్ను అడగాల." కింద సంతకం చేసింది. నా భర్త సుమంత్‌తో చేయించింది. సాక్షిగా అశ్వినితో కూడా చేయించింది.

అశ్విని మొహం ముడుచుకుంది. "నాకు మాత్రం ఇంతవరకు ఒక్క కాగితమన్నా రాసియ్యలేదత్తా మీరు!"

ఆ మాటతో ఆర్నెల్ల మంట చల్లారింది. అత్త రాసిన కాగితాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్‌కు అంటించాను, సరిగ్గా అశ్విని భోజనానికి కూర్చునే కుర్చీకి ఎదురుగా.