పేడ మెత్తిన వేపమొద్దు

మా చిన్నప్పుడు... ఆ ఎండాకాలం పొద్దున ఏడింటికే ఎండ చుర్రుమనేది. చంద్రగిరి దగ్గర మా ఊరి బడికి రెండు గదులు కడుతూ, అడ్డంగా ఉన్న వేపచెట్టును కొట్టేశారు. నాయన నా చేతికి తట్ట ఇచ్చి పేడ తెమ్మన్నాడు.

నాయన వడ్రంగి. ఆ పేడను మొద్దు రెండు కొసలకూ మందంగా మెత్తాడు... కొసలు తొందరగా ఆరితే కొయ్య నిలువునా పగులుతుంది. తర్వాత దాన్ని నీడకు దొర్లించి, కింద రాళ్లు పెట్టి, ఏడాది దాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

బడిలో పాఠాలు చెప్పే అయ్యవారికి తొందర. "తలుపులు ఎప్పుడప్పా?" అని కనబడినప్పుడల్లా అడిగేవారు.

"పచ్చికొయ్యతో చేస్తే తలుపు మెలి తిరుగుతాది అయ్యోరా. పిలకాయలు తలుపు తీయకుండానే సందులోంచి పారిపోతారు" అనేవాడు నాయన.

తలుపులూ బెంచీలూ ఆ చెట్టుతోనే అయినాయి. అయిదో తరగతి దాకా నేను కూర్చున్నది ఆ బెంచీ మీదే... గోటితో గీరినా గీత పడేది కాదు.

మొన్న వేసవిలో అదే బడికి మళ్లీ గదులు... మళ్లీ ఒక వేపచెట్టు నేలకూలింది. అక్కడ రెండు తరగతుల పిల్లలు ఇప్పటికీ నేల మీదే కూర్చుంటున్నారు. మొద్దు ఉంచితే బెంచీలు చేయించి బడికే ఇస్తానన్నాను. హెడ్మాస్టరు సరేనన్నారు. నాయన దగ్గర పని నేర్చుకున్న ఖాదర్ అన్న ఇప్పుడు కొయ్య కోసే మిషను నడుపుతున్నాడు. కూలి లేకుండా పలకలు కోసిస్తానన్నాడు.

"సోమవారం దాకా ఉంచుతాలే అక్కా" అన్నాడు గదులు కడుతున్న మేస్త్రీ. శనివారం సాయంత్రం నేనే పేడ తెచ్చి కొసలకు మెత్తి వచ్చాను.

సోమవారం ఖాదర్ అన్న టేపుతో వచ్చాడు. మొద్దు లేదు... రెండడుగుల ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి.

"అంత పెద్ద మాను మీరేం మోస్తారక్కా? అందుకే ముక్కలు కోపిచ్చినా. కొసలకు ఎవురో పేడ కొట్టిండారు, అది గూడా కోసి పారేసినాం" అన్నాడు మేస్త్రీ, మంచి పని చేసినవాడి మొహంతో.

"ఆ పేడ కొట్టింది నేనేనప్పా!"

"యాలక్కా?"

పేడ మెత్తానే గానీ ఎందుకో మేస్త్రీకి చెప్పలేదు. ఎంత పొడవు కావాలో కూడా చెప్పలేదు. ఒకప్పుడు మా ఊళ్లో పేడ పూసిన మొద్దును చూస్తే పశువుల కాపరి కూడా దాని జోలికి పోయేవాడు కాదు. ఇప్పుడూ అంతే అనుకున్నాను. కోపం మేస్త్రీ మీదో, నా మీదో తెలియలేదు.

ఖాదర్ అన్న టేపు బయటికి లాగను కూడా లేదు. "బెంచీకి అయిదడుగులు కావాల చెల్లెమ్మా. వీటితో చపాతీ పీటలు చేసుకోమను" అన్నాడు.

మీ ఊళ్లో కొట్టేసిన చెట్లు యాడికి పోతున్నాయి? ఊరి చెట్టుతో చేసిన తలుపో పీటో మీ ఇంట్లో ఉంటే, అది ఏ చెట్టో, ఎవరు చేశారో కింద రాయండి... తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారేమో చూద్దాం.

ఆ రోజు పదకొండు గంటలకు ఇటుకబట్టీ ట్రాక్టరు ముక్కలన్నీ పొయ్యికట్టెలకని ఎత్తుకుపోయింది. ఖాదర్ అన్న పన్నెండు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.